కొంగుముడిలో నాలుగు మాత్రలు

ముందే చెబుతున్నాను, ఇందులో తప్పులుంటాయి. నాకు అక్షరాలు యాభయ్యో ఏట వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఇది ఒక్క పూట సంగతి. రాయడానికి నాట్లు వేసినప్పటి నుంచి చోళ్లు, అంటే రాగులు, కోసేదాకా పట్టింది. ‘నేను’ అని మొదలుపెడితే చెయ్యి సాగలేదు, అందుకని సోములమ్మ అనే మనిషి సంగతిలా రాశాను. నెమ్మదిగా చదవండి, నేనూ నెమ్మదిగానే రాశాను.

“మింగేసినావా అత్తా?” అంది కోడలు రత్న.

“మింగేసినాను,” అంది సోములమ్మ.

మింగలేదు. సగం ఎరుపు, సగం పసుపు ఉన్న నాలుగు గొట్టం మాత్రలూ కొంగుముడిలో ఉన్నాయి, ముడి నడుము దగ్గర దోపుకుని ఉంది, ఊపిరి తీసినప్పుడల్లా పొట్టకి ఒత్తుకుంటోంది. ఇది కొండమీద ఆడవాళ్లందరికీ వచ్చిన విద్యే. మలేరియా వాళ్లు సంచులు తగిలించుకుని వచ్చి, ఎదురుగా నిలబడి చేదు బిళ్లలు మింగించే రోజుల్లో నేర్చుకున్నారు. అరచెయ్యి నోటికి ఆనించాలి, తల వెనక్కి వెయ్యాలి, బిళ్ల వేళ్ల సందునే ఉండిపోవాలి, నీళ్లు మాత్రం గుటక వెయ్యాలి, మొహం చేదుగా పెట్టాలి. మొహం పెట్టడమే అసలు పని. ఆమె మొగుడు సుక్రు ఆ మొహం పెట్టలేక నవ్వేసేవాడు, అయినా బిళ్ల మాత్రం పొయ్యిలోకే పోయేది. ఆ సుక్రు డొంకరాయి డ్యామ్ పనికి పోయి వణుకుజ్వరంతో అక్కడే కన్నుమూశాడు, కొడుకుకి అప్పటికి రెండేళ్లు. పొయ్యిలో వేసిన బిళ్లకీ డొంకరాయిలో వచ్చిన జ్వరానికీ ఏమైనా సంబంధం ఉందా అని ఆమె ఇన్నేళ్లలో ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో, ఈ బల్లమీద కూర్చున్నాకే ఎందుకు గుర్తు రావాలో. రత్న సంత ఊరి ఆసుపత్రి వరండాలో గోడ గడియారం వైపు చూసి, “పదకొండున్నర. మందు రక్తంలోకి ఎక్కడానికి గంట పడతాది. పన్నెండున్నరకి పిలుత్తారు,” అంది. గంట. ఎవరైనా పన్ను పీకడానికి గంట ముందు నుంచి మందు పెడతారా? బలిచ్చే మేకకి కూడా గంట ముందు ఆకు పెట్టరు.

అసలు ఇదంతా నోటి దగ్గర మొదలు కాలేదు గదా, జ్వరం దగ్గర మొదలైంది. వానలు వెనకబట్టినప్పటి నుంచి రోజూ పొద్దు వాలేసరికి ఒళ్లు కాగేది, తెల్లారేసరికి చెమట పట్టి తగ్గిపోయేది, మిట్ట ఎక్కితే ఊపిరి అందేది కాదు, నీళ్ల బిందె సగం దారిలో దించేది. మూడు నెలలు. మలేరియా కాదన్నారు, టీబీ కాదన్నారు, చివరికి రత్నే కిరండోల్ రైలుబండెక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ కళ్లద్దాల పెద్ద డాక్టరు గుండెమీద గొట్టం పెట్టి విన్నాడు, విని, ఏమన్నాడు? నోరు తెరువు అన్నాడు. గుండె దగ్గర విన్నవాడు నోట్లోకి చూడడమేమిటి? లైటు వేసి మరీ చూశాడు, చిగురు వేలితో నొక్కాడు, చీమొచ్చింది, తలూపాడు. అంతకు ముందు రత్న వరండాలో నర్సమ్మతో గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడింది? సోములమ్మ రాగానే ఆపేసింది కూడా. ఆపకపోయినా ఆమెకి అర్థమయ్యేది కాదేమో, కానీ ఆపేసింది. నెలన్నర పొద్దూ మాపూ సూదులు పొడిచారు, జ్వరం పోయింది, అది అబద్ధం కాదు. కానీ ఇంటికి పంపే రోజున ఆ డాక్టరు రత్నకే చెప్పాడు, తనకి కాదు, పాడైన పళ్లన్నీ తీయించెయ్యాలి, లేకపోతే జ్వరం మళ్లీ వస్తుంది, ఈసారి వస్తే గుండె తట్టుకోదు. పళ్లన్నీ అన్నాడా, పాడైనవన్నీ అన్నాడా? రత్న పాడైనవే అంటోంది. మాట రత్న నోటినుంచే గదా వచ్చింది.

బల్ల అవతలి కొసన సంతలో కొట్టున్న వరహాలరావు కూర్చున్నాడు, మైదానం నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉప్పూ, ఎండుచేపలూ, చుట్టలూ అమ్ముకుంటున్న మనిషి. కుడి దవడ వాచి మొహం ఒకపక్కకి పోయింది. ఈరోజు శుక్రవారం, సంతరోజు, కొట్టు వదిలి వచ్చాడంటే నొప్పి గట్టిదే. అయినా నోరు ఊరుకుంటుందా?

“ఏటి సోములమ్మా, నిప్పు నోట్లో ఎట్టుకుంతావు, నీక్కూడా పంటి నొప్పేనా?”

“నొప్పి కాదు బాబూ. గుండెకంట.”

“గుండెకా? గుండెకి పన్ను పీకడమేటి! మా తాత గుండెతోనే పోయినాడు, నోట్లో ఒక్క పన్ను లేదు. ఇదేటి కొత్త వైద్యమే రత్నా?”

రత్న నవ్వలేదు. ఊరి ఆరోగ్య కార్యకర్త గదా, మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది, ఆ పెట్టె ఉన్నంతసేపూ నవ్వదు. “పైన గెడ్డలో గొడ్డు సచ్చి పడిందనుకో బాబూ, కిందూరోళ్లు తాగే నీళ్లలోకి రాదేటి? సిగురులో సీముంది. పన్ను కదిల్నప్పుడల్లా అది రత్తంలో కలుత్తాది. రత్తమంతా ఎక్కడికెల్తాది? గుండెకే. మా అత్తకి సిన్నప్పుడు కీళ్లజొరం వచ్చింది, అప్పుడే గుండెలో తలుపు గరుకుదేలిపోయిందంట. నున్నటి రాయి మీద నాసు నిలబడదు, గరుకురాయి మీద పట్టేత్తాది. ఆ సీములో పురుగు ఆ తలుపు మీద కూకుండిపోయి కొరికేత్తంది. అదీ జొరం.”

“మరి పీకినప్పుడు ఇంకా కలుత్తాది గదా రత్తంలో?”

“అందుకే గదా గంట ముందు మందు మింగించింది. పురుగు లోపలికెల్లేసరికి మందు కాపు కాసుంటాది. మందు లేకండా పీకితే పీకిన సేతుల్తోనే సంపేసినట్టు.”

వరహాలరావు దవడ పట్టుకుని “ఓరి నాయనో” అన్నాడు, నొప్పికో, మాటకో. సోములమ్మ నడుము దగ్గర ముడి మీద చెయ్యి వేసుకుంది. పీకిన చేతులతోనే చంపేసినట్టు. రత్న ఆ మాట అంటున్నప్పుడు ఎవరివైపు చూసింది? వరహాలరావు వైపే చూసింది. కావాలనే అటు చూసిందా? చేతులు అంది, మందు అనొచ్చు, డాక్టరు అనొచ్చు, చేతులు అనడమెందుకు.

నాలుక దానంతటదే పైకి పోయింది, ముందు పళ్ల వెనక్కి, అక్కడ మెత్తగా ఉంది, ఉప్పగా ఉంది, పన్ను నాలుకకే ఊగుతోంది. ఎప్పటి నుంచి ఊగుతోందో ఆమెకే తెలియదు. అడ్డపొగ తాగేవాళ్లకి చిగురు సంగతి తెలియదు, చుట్ట నిప్పు లోపలికి పెట్టి పెదవులు మూసుకుంటే ఆ వేడికి నోరంతా మొద్దుబారుతుంది, నెత్తురు కారినా చుట్ట రసమనుకుని ఉమ్మేస్తారు. అమ్మ నేర్పింది ఆమెకి, పదేళ్లప్పుడు, వానలో పశువుల వెంట పోతే నిప్పు ఆరదని, చంకలో బిడ్డ ఉంటే బిడ్డకి తగలదని. ఇందాక పొద్దుటి బండికి వచ్చిన పళ్ల డాక్టరు, హరీషంట పేరు, మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు, నోట్లో అద్దం పెట్టి చూసి, “అమ్మా, అంగిలి ఇలా కాలిపోయిందేంటి?” అన్నాడు. రత్న చెప్పింది. “నిప్పు లోపలా?” అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇక మానెయ్యాలి అన్నాడు. చుట్ట మానేస్తే, పళ్లు తీసేస్తే, ఆమె మొహంలో ఇక ఆమెదంటూ ఏముంటుంది? ఏడు పళ్లు తియ్యాలన్నాడు. పక్కవి మూడు. ముందువి నాలుగు. ముందువి నాలుగు అని వేలితో చూపించాడు కూడా, పైవి రెండు, వాటి పక్కన ఒకటీ ఒకటీ. అవే. సరిగ్గా అవే. ఆ కుర్రాడికి ఎవరు చెప్పారు అవే అని?

బుద్రమ్మకి కూడా అవే తీశారు. ఇరవై ఏడేళ్లయింది. బుద్రమ్మ కడుపునొప్పికి వేరు ఇచ్చేది, మంత్రసానితనం చేసేది, ఎవరింట బిడ్డ పుట్టినా ముందు ఆమె చేతిలోకే వచ్చేది. ఆ ఏడాది తట్టు పోసి ఊళ్లో తొమ్మిది మంది పిల్లలు పోయారు, తొమ్మిదో పిల్ల సోములమ్మది, ఆడపిల్ల, నలభై రోజులది, పేరు కూడా పెట్టలేదు. రోజులు చూసి, జబ్బులకి కారణం చెప్పే ఊరి దిసారి బియ్యం గింజలు నేలమీద వేసి చూశాడు, చిల్లంగి, చేతబడి, అన్నాడు, పేరు చెప్పలేదు, కళ్లతో చూపించాడు. చిల్లంగి పెట్టేదానికి ముందు పళ్లు తీసేస్తే మంత్రానికి నోరు తిరగదని పెద్దల మాట. కమ్మరి పట్టకారు తెచ్చారు. కాళ్లు ఇద్దరు పట్టుకున్నారు, చేతులు ఇద్దరు పట్టుకున్నారు, ఆడమనిషి తల మగవాళ్లు పట్టుకోకూడదన్నారు, అప్పుడు సోములమ్మ పట్టుకుంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. చేతులు వణికాయని చెప్పుకోవచ్చు, చాలా ఏళ్లు తనకి తను అలాగే చెప్పుకుంది, కానీ వణకలేదు. రెండు మోకాళ్ల మధ్య ఇరికించి గట్టిగా పట్టుకుంది, బుద్రమ్మ కళ్లు తలకిందులుగా తననే చూస్తున్నాయి, ఆ చూపు చూసి ఇంకా గట్టిగా పట్టుకుంది. నా బిడ్డని తిన్నావు అని అంది, పైకే అంది. ఆ తర్వాత బుద్రమ్మ గెడ్డ దాటి కూతురి ఊరికి వెళ్లిపోయింది, చోడి అంబలి తాగి పదిహేనేళ్లు బతికిందని సంతలో ఎవరో చెప్పారు. తర్వాత కూడా ఊళ్లో పిల్లలు పోయారు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

కొడుకు మంగ్లు ఎనిమిదేళ్ల కిందట కాఫీ తోటల పనికి పోయి, ఇక్కడి శుక్రవారం సంతలోనే రత్నని చూసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశాడు, మా వాళ్లలో అదీ పెళ్లే. పిల్ల చురుకు, ఏడో తరగతి చదివింది, ఎవరి గుంటవే అంటే తండ్రి పేరు చెప్పింది, సరే అనుకుంది. ఏడాది తర్వాత పురిటికి రత్న తల్లి వచ్చింది, వచ్చి గడపలో నిలబడి ఇల్లంతా చూసింది, సోములమ్మని చూసింది, ఆ కళ్లు బుద్రమ్మవి. కళ్లు మాత్రమే కాదు, నిలబడడం కూడా. అప్పటి నుంచి ఏడేళ్లు. ఏడేళ్లుగా రత్న వండింది రత్న తిన్నాకే ఆమె తిన్నది, ఆకలి లేదనీ, ముందు పిల్లలకి పెట్టమనీ చెబుతూ. తనకని వేరుగా తీసిన కూర మనవడి కంచంలో కలిపేసేది, కలిపాక మళ్లీ భయపడి కంచం లాక్కునేది, వాడు ఏడిచేవాడు. రత్నకి తెలుసా, తెలియదా? తల్లి చెప్పిందా? చెబితే ఎందుకు ఉంది ఇక్కడ? ఏడేళ్లు ఓపిక పట్టిందంటే ఎంత పెద్ద లెక్క వేసుకుని ఉండాలి? పట్టకారు అక్కర్లేదు ఇప్పుడు, ఊరి పెద్దలు అక్కర్లేదు, తెల్లకోటు ఉంది, చీటీ ఉంది, ఆమె చేతే బస్సెక్కించి, ఆమె చేతే నోరు తెరిపించి, ఆ నాలుగే తీయించేస్తుంది. ఊళ్లోకి ఎలా వెళ్తుంది అప్పుడు? బోసినోటితో బస్సు దిగితే ఎవరైనా గుండె అనుకుంటారా? ముసలితనం అనుకుంటారా? నలభై ఏడేళ్లకి ముందు పళ్లు లేని ఆడదాన్ని చూస్తే మా కొండమీద ఒకటే అనుకుంటారు. పిల్లల్ని లోపలికి పిలుస్తారు. తనూ అలాగే పిలిచేది.

అందుకే మింగలేదు. మాత్రలో ఏముందో తెలియదు, నోరు మొద్దుబారి కాదనలేకుండా చేసేదేమో, ముందు అది తప్పించుకుంటే తర్వాత చూసుకోవచ్చు అనుకుంది. లేచి సంత జనంలో కలిసిపోతే ఎవరు పట్టుకుంటారు? కానీ జ్వరం? మళ్లీ వస్తే గుండె తట్టుకోదన్నాడు, అది నిజమైతే? సూదులకి తగ్గిన మాట నిజం. ఆ డాక్టరు నోరు చూడకపోతే చీము సంగతి ఎవరికి తెలిసేది, తనకే తెలియదు. గెడ్డ, గొడ్డు, నాచు. రత్న చెప్పిన మాట ఎక్కడా అడ్డం తిరగడం లేదు, అదే ఆమెకి ఎక్కువ అనుమానంగా ఉంది. అబద్ధం చెప్పేవాళ్లకే మాట అంత నున్నగా వస్తుంది. కీళ్లజ్వరం మాత్రం నిజమే, చిన్నప్పుడు నెలరోజులు నడవలేదు, ఆ సంగతి రత్నకి తనే చెప్పింది, చలికాలంలో మోకాళ్లకి నూనె రాయించుకుంటూ.

వరహాలరావుని పిలిచారు. లోపల ఓసారి కేక వినిపించింది, తర్వాత వినపడలేదు. బయటికొచ్చి, దూది కరుచుకుని, ఏదో అనబోయి, అనలేక, చేత్తో నమస్కారం పెట్టి సంత వైపు వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లలో ఆయన మాట్లాడకుండా వెళ్లడం ఆమె చూడడం ఇదే మొదలు.

“సోములమ్మ! వంతల సోములమ్మ!”

రత్న లేచింది, పెట్టె భుజానికి తగిలించుకుంది. సోములమ్మ లేవలేదు.

“లెగు అత్తా. బేగి రా, ఆయన సాయంకాలం బండికి ఎల్లిపోవాలి.”

“రత్నా.”

“ఏటి?”

“మీ అమ్మమ్మ పళ్లు ఎలాగ పోయినాయో నీకు తెల్సా?”

ఏడేళ్లుగా నాలుక కింద పెట్టుకున్న మాట, చుట్ట నిప్పులా, అలా బయట పడిపోయింది. రత్న భుజానున్న పెట్టె దించింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది, పెట్టె ఒళ్లోకి తీసుకుంది.

“తెల్సు. తల ఎవులు పట్టుకున్నారో కూడా తెల్సు. మీ ఇంటికి రాకముందే తెల్సు.”

“మరెందుకొచ్చినావు?”

“నీ కొడుకు బాగున్నాడని వచ్చినాను. నీ కోసం రాలేదు.”

“మీ అమ్మమ్మ ఏటనేది నన్ను?”

“తిట్టేది. సచ్చేదాకా తిట్టింది. నేనబద్దం సెప్పను.” రత్న గడియారం వైపు చూసింది, సోములమ్మ వైపు కాదు. “తిట్టి తిట్టి ఒక మాట అనేది. తల పట్టుకున్నదానికి పాలు ఆగలేదంట. రైక తడిసిపోయి పాలు ఆయమ్మ నుదురు మీద పడతన్నాయంట. పళ్లు పీకిన నొప్పి మర్సిపోయినాను గానీ ఆ పాలు మర్సిపోలేదే అనేది.”

ఆ సంగతి సోములమ్మ ఎవరికీ చెప్పలేదు. సుక్రుకి కూడా. బిడ్డ పోయి మూడో రోజు, రొమ్ములు రాళ్లలా ఉన్నాయి, వంగినప్పుడు ఆగలేదు, ఆ తడి తనకొక్కదానికే తెలుసనుకుంది, ఆ వెచ్చదనం మీద పడ్డ రెండో మనిషి ఉందని ఇన్నేళ్లూ గుర్తు రాలేదు. వరండాలో జనం కదులుతున్నారు, ఎవరిదో చంటిబిడ్డ ఏడుస్తోంది, సంతలో పనసపళ్లు కోసిన వాసన గాలికి ఇక్కడి దాకా వస్తోంది, పన్నెండున్నర దాటింది. చెయ్యి నడుము దగ్గరికి పోయింది. ముడి తడిసి బిగిసిపోయింది, గోళ్లతో విప్పలేకపోయింది, పంటితో పట్టుకుని లాగబోయింది, ముందు పన్ను ఊగి నెత్తురొచ్చింది. రత్నే విప్పింది. నాలుగు మాత్రలూ అరచేతిలో పడ్డాయి.

రత్న వాటిని చూసింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పెట్టె మీద చేత్తో చరిచింది, వరండా అంతా ఇటు తిరిగింది.

“ఓలమ్మో! మింగలేదేటి! అయ్యి మింగకండానే ఆ కుర్సీలో కూకుందామనుకున్నావా? నువ్వు సచ్చిపోతే ఊరు ఎవుల్నంటాది? గుండె అంటాదేటి? బుద్రమ్మ మనవరాలు అత్తని తినేసింది అంటాది! అప్పుడు పట్టకారు ఎవుల నోట్లోకొత్తాదే? నా తల ఎవులు పట్టుకుంతారే అత్తా?”

సోములమ్మ తలెత్తి రత్న నోటి వైపు చూసింది. ఏడేళ్లుగా ఆ గుంట చేతుల వైపే చూసింది, ఆ గుంట నోట్లోని పళ్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తెల్లగా ఉన్నాయి, వరసగా, పైవి నాలుగూ.

చెయ్యి చాపింది. ఈసారి ఒక్కొక్కటిగా నాలుక మీద పెట్టి, నోరు తెరిచి చూపించి మరీ మింగింది. రత్న ప్రతిసారీ వంగి చూసింది, నమ్మలేదు, నాలుక పైకెత్తమంది, బుగ్గ పక్కకి లాగి చూసింది, అరచెయ్యి తిప్పి చూసింది. అనుమానం ఇటునుంచి అటు మారింది, సోములమ్మకి అది న్యాయంగానే అనిపించింది. రత్న లోపలికి వెళ్లి డాక్టరుకి ఏం చెప్పిందో గాని ఆయన తలుపులోంచి తల పెట్టి, “ఇంకో గంట ఆగాలి అయితే! అంతవరకూ ముట్టుకునేది లేదు,” అని, ఇంకెవరి పేరో పిలిచాడు. ఆ రెండో గంటలో రత్న సంత నుంచి రెండు అరటిపళ్లు తెచ్చి ఒకటి ఇచ్చింది. సోములమ్మ అలవాటుగా, రత్న తన పండు కొరికేదాకా చూసింది. తర్వాత తనూ తినేసింది, మెత్తటి పండు, ముందు పళ్లతో ఆఖరిసారి.

రెండు కావస్తుండగా కుర్చీలో కూర్చోబెట్టారు. సూది గుచ్చాడు, చిగురు చెక్కలా అయిపోయింది. డాక్టరు చేతిలో మెరిసేది పట్టకారే, చిన్నది, కానీ పట్టకారే, దాన్ని చూసి తల దానంతటదే పక్కకి తిరిగిపోయింది, ఒకసారి, రెండోసారి.

“అమ్మా, తల కదపకూడదు. ఎవరైనా పట్టుకోండి,” అన్నాడు.

రత్న వెనక్కి వచ్చి నిలబడింది. రెండు చేతులూ చెవుల మీదుగా వేసి తల పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. ఆ చేతులు సబ్బు వాసన వేశాయి. కింద నుంచి చూస్తే రత్న మొహం తలకిందులుగా కనిపించింది, కళ్లు బుద్రమ్మవే, అవి ఏమంటున్నాయో ఆ తిరగబడ్డ మొహంలో ఎవరూ చదవలేరు, సోములమ్మకి ఇరవై ఏడేళ్ల క్రితమే తెలిసిన సంగతి అది.

నోరు తెరిచింది.

ఊరికి తిరిగొచ్చిన రోజున బస్సు దగ్గర జనం చూశారు. పిల్లల్ని లోపలికి పిలిచారు. రత్న మందుల పెట్టె రచ్చబండ మీద పెట్టి, గెడ్డ, గొడ్డు, నాచు అని మొదలుపెట్టి పొద్దు పోయేదాకా చెప్పింది. కొందరు నమ్మారు. కొందరు ఇప్పటికీ నమ్మలేదు. జ్వరం మాత్రం మళ్లీ రాలేదు. నాకు అక్షరాలు నేర్పింది రత్నే. ఇది చదివి తప్పులు దిద్దుతానంది. వద్దన్నాను. ఏం మారుస్తుందో ఏమిటో.

వంతల సోములమ్మ, యాభై ఆరేళ్లు. పై ముందు పళ్లు లేవు. జి.మాడుగుల దగ్గర కొడుకు కొత్తగా వేసిన ఇంట్లో, కోడలి వంట తింటూ ఉంటున్నాను.